తెల్లచుక్కలు, ఒళ్ళు రుద్దుకోవడం, ఒక పక్క మొప్ప మూసుకోవడం: మా ట్యాంకులో ఉన్నది ఏ పరాన్నజీవి?

ఏంజెల్ ప్రియ · తిరుపతి, కొర్లగుంట

అందరికీ నమస్కారం. మాది మూడడుగుల ట్యాంకు. పొడవు 36 అంగుళాలు, వెడల్పు 15, ఎత్తు 18. నాలుగు ఏంజెల్స్, టైగర్ బార్బ్స్, మూడు కోరీలు, ఒక క్లౌన్ లోచ్ ఉన్నాయి. ఈమధ్యే షాపులో ఇంకో రెండు బార్బ్స్ కొన్నాం. ఇప్పుడు బార్బ్స్ రెక్కల మీద, తోక మీద రవ్వ అద్దినట్టు తెల్లటి చుక్కలు వచ్చాయి. ఏంజెల్స్ మీద చుక్కలు లేవు గానీ రెండు మాత్రం ఫిల్టర్ పైపుకేసి ఒళ్ళు రుద్దుకుంటున్నాయి. అందులో ఒకటి ఒక పక్క మొప్పను పూర్తిగా మూసేసి, రెండో పక్కతోనే ఊపిరి తీస్తోంది.

షాపాయన ఒక నీలం మందు సీసా ఇచ్చి, అన్ని జబ్బులకూ ఇదే, పది చుక్కలు వెయ్యమన్నాడు. ఇంకా వెయ్యలేదు. ఫోటోలు పెట్టాను, చూసి చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

బాలాజీ ట్యాంక్స్ · రేణిగుంట

ఫోటో చూస్తేనే తెలుస్తోంది అక్కా, ఇది ఇక్, అంటే తెల్లచుక్కల జబ్బు. ఆ నీలం మందు వేసెయ్యండి, హీటర్ 32 మీద పెట్టండి. వారంలో చుక్కలు పోతాయి.

శేషాచలం · తిరుపతి, భవానీ నగర్

మందు వెయ్యకుండా ఆగారు, మంచిదే అమ్మా. ముందు కొన్ని సంగతులు చెప్పండి. నీళ్ళ టెంపరేచర్ పొద్దున్నే ఎంత ఉంది, సాయంత్రం ఎంత ఉంది? హీటర్ ఉందా? అమ్మోనియా, నైట్రైట్ చూశారా? నీళ్ళు మున్సిపాలిటీవా, బోరువా, ఆర్‌వోనా? చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయా?

ఒళ్ళు రుద్దుకోవడం పురుగు ఉన్నప్పుడే జరిగేది కాదు, అందుకే ఇన్ని అడుగుతున్నాను. అమ్మోనియా పెరిగినా, క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళు నేరుగా పోసినా మొప్పలు మండుతాయి. చేప అప్పుడూ ఇలాగే గీరుకుంటుంది, ఇలాగే ఆయాసపడుతుంది. ఆ స్థితిలో మందు వేస్తే మొప్పలు ఇంకా దెబ్బతింటాయి. ‘పురుగు పట్టింది సార్’ అని నాకొచ్చే ఫోన్లలో చాలావాటికి నీళ్ళు మార్చడమే వైద్యం.

బాలాజీ, నీలం మందు అంటే మెథిలీన్ బ్లూ అయ్యుంటుంది. గుడ్లకు ఫంగస్ పట్టకుండా విడిగా ఉన్న చిన్న ట్యాంకులో వేయడానికి అది బాగుంటుంది. మెయిన్ ట్యాంకులో వేస్తే మాత్రం ఫిల్టర్‌లో అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుంది. చుక్కలతో బతికున్న చేప అమ్మోనియాతో పోతుంది.

ఏంజెల్ ప్రియ

టెస్ట్ కిట్ తెప్పించి చూశాను సార్. అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 20 దగ్గర, పీహెచ్ 7.8. బోరు నీళ్ళే వాడతాం. డ్రమ్ములో పట్టి, ఒక రోజు ఎయిర్ స్టోన్ పెట్టి పోస్తాం. హీటర్ లేదు. పొద్దున్నే 22, సాయంత్రానికి 25 ఉంటోంది. చేపలు పైకి రావడం లేదు, కానీ మొప్ప మూసిన ఏంజెల్ తిండి తగ్గించింది.

శేషాచలం

నీళ్ళు బాగున్నాయి. అయితే పరాన్నజీవి మీదే అనుమానం పెట్టుకోవచ్చు. మన దగ్గర ధనుర్మాసం చలికి, హీటర్ లేని ట్యాంకుల్లో ఇక్ రావడం ఏటా చూస్తున్నదే. పగటికీ రాత్రికీ నీళ్ళ వేడి ఊగిసలాడితే చేపకు తట్టుకునే శక్తి తగ్గుతుంది. కొత్త చేపతో వచ్చిన పురుగుకు అదే అదను.

దాని పూర్తి పేరు ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలీస్. ఒకే కణం ఉన్న జీవి. దీని బతుకు మూడు దశల్లో సాగుతుంది. ఇది అర్థమైతే వైద్యం సగం అర్థమైనట్టే, కాస్త ఓపికగా చదవండి.

మీకు కనబడే తెల్లచుక్క చేప చర్మం పైపొర కింద ఉంటుంది. పైన చర్మం కప్పు ఉంది కాబట్టి నీళ్ళలో ఏ మందు వేసినా దానికి తగలదు. అది కడుపునిండా తిని పెద్దదయ్యాక చేపను వదిలి అడుగుకు దిగుతుంది. గ్రావెల్‌కో, ఆకుకో, గాజుకో అంటుకుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. ఆ గూడులో వందల ముక్కలవుతుంది, కొన్నిసార్లు వెయ్యి దాకా. గూడు మీద కూడా మందు పని చెయ్యదు. గూడు పగిలి బయటికొచ్చే పిల్లలు చేపను వెతుక్కుంటూ ఈదుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. ఉప్పు గానీ మందు గానీ చంపేది ఈ ఈదే పిల్లలనే.

కాబట్టి మందు వేసిన మర్నాడు చుక్కలు పోలేదని డోసు పెంచకూడదు. చుక్కలు పోయాయని ఆపకూడదు కూడా. చుక్క మాయమైందంటే పురుగు చచ్చిందని కాదు, అడుగుకు దిగిందని. నాలుగైదు రోజుల తర్వాత ముందుకంటే ఎక్కువ చుక్కలు వచ్చి జనం బెంబేలెత్తేది అందుకే.

ఈ చక్రం ఎంత వేగంగా తిరగాలన్నది నీళ్ళ వేడి మీద ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఆరు రోజులు. 20 దగ్గర వారం దాటుతుంది. 10 డిగ్రీల చల్లటి నీళ్ళలో నెల పైనే. నీళ్ళు వేడి చేయమనేది ముందు చక్రాన్ని తొందరగా తిప్పడానికి, గూళ్ళన్నీ త్వరగా పగిలి పిల్లలు ఉప్పుకు చిక్కుతాయని. 30 దగ్గర చాలా రకాలు పెరగడమే మానేస్తాయి.

బాలాజీ ట్యాంక్స్

అలాగైతే 30 పెడితే చాలదా సార్, ఉప్పు ఎందుకు?

శేషాచలం

30కి లొంగని రకాలు కూడా కొన్ని ఉన్నాయి బాబూ. వేడి ఒక్కదాన్నే నమ్ముకోను. ఇంకో సంగతి, 20 డిగ్రీల మంచినీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీల్లో ఏడున్నరే. పురుగు పట్టిన మొప్పకు అసలే గాలి సరిగా అందదు. అందుకని హీటర్‌తో పాటు ఇంకో ఎయిర్ స్టోన్ తప్పనిసరి. ఒక్కసారిగా 32 పెట్టడం వద్దు. రోజుకు రెండు డిగ్రీలు, మూడు డిగ్రీలు, అంతకు మించకుండా పెంచాలి.

గ్రీమ్స్‌పేట గోల్డ్ · చిత్తూరు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా గోల్డ్ ఫిష్‌కి కూడా తెల్లచుక్కలు ఉన్నాయి. మొప్పల మూత మీద, పక్క రెక్కల ముందు అంచున మాత్రమే ఉన్నాయి, వరసగా. బాగా తింటోంది, ఇంకో చేప వెంట పడి తరుముతోంది. ఇదీ ఇక్కేనా?

శేషాచలం

కాదు. అది మగ చేప, ఈనిక కాలంలో వచ్చే గట్టి బొడిపెలు అవి. మొప్ప మూత మీద, పక్క రెక్క మొదటి ముల్లు మీద వరసగా ఉంటే మందు జోలికి పోవద్దు. ఇక్ చుక్కలకు వరస ఉండదు, ఒళ్ళంతా చెదురుగా ఉంటాయి, రోజురోజుకూ చోటు మారుతాయి.

వెట్ ల్యాబ్ అమ్మాయి · తిరుపతి

నేను వెటర్నరీ చదువుతున్నాను. ప్రియ అక్కా, బార్బ్స్ విషయంలో శేషాచలం సార్ చెప్పింది సరిపోతుంది. నా అనుమానం ఆ ఏంజెల్స్ గురించి. చుక్కల్లేకుండా ఒళ్ళు రుద్దుకుంటూ, ఒక పక్క మొప్ప మూసుకుంటోందంటే మొప్పల్లో ఫ్లూక్స్, అంటే కొక్కేలతో అంటుకునే సన్నటి పురుగులు, ఉండొచ్చు. ఇక్ కూడా ముందు మొప్పల్లోనే ఉండి పైకి కనబడకపోవచ్చు. కంటితో చూసి ఈ రెండిటినీ విడదీయలేం.

మైక్రోస్కోప్ దొరికితే తెలిసిపోతుంది, పెద్ద కష్టం కాదు. చేపను తడి చేత్తో పట్టుకోవాలి. పక్క రెక్క వెనక, తల వైపు నుంచి తోక వైపుకి కవర్ స్లిప్ అంచుతో మెల్లగా ఒక్కసారి లాగితే జిగురు వస్తుంది. దాన్ని స్లైడ్ మీద మీ ట్యాంకు నీళ్ళ చుక్కలోనే పెట్టాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే పురుగులు అక్కడే చస్తాయి, చచ్చిన పురుగును గుర్తుపట్టడం కష్టం. ముందు 40 రెట్లలో, తర్వాత 100 రెట్లలో చూడాలి. వెంటనే చూడాలి.

ఇక్ అయితే పెద్ద గుండ్రటి కణం మెల్లగా దొర్లుతూ, లోపల గుర్రపు లాడం ఆకారంలో కేంద్రకం కనబడుతుంది. ఫ్లూక్ అయితే పొడుగ్గా సాగుతూ ముడుచుకుంటూ, వెనక భాగంలో కొక్కేలతో ఉంటుంది. ముందువైపు నాలుగు నల్లటి కంటిచుక్కలుంటే డాక్టిలోగైరస్. అది గుడ్లు పెడుతుంది, ఎక్కువగా మొప్పల్లో ఉంటుంది. కంటిచుక్కలు లేకుండా, పొట్టలో పిల్ల కొక్కేలు కూడా కనబడితే గైరోడాక్టిలస్. అది పిల్లల్నే కంటుంది, ఎక్కువగా చర్మం మీద ఉంటుంది. గుండ్రంగా తిరుగుతూ లోపల పళ్ళ చక్రం కనబడితే ట్రైకోడినా, దాన్ని ఒకటీ అరా చూసి కంగారు పడనక్కర్లేదు.

ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోప్ 140 రెట్లు చూపిస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాష్ బృందం తయారుచేసింది. సరదాగా పెంచే వాళ్ళకు అది కూడా సరిపోతుంది.

ఒక మాట. చచ్చిపోయి చాలాసేపైన చేపను, ఫ్రిజ్‌లో పెట్టిన చేపను ఎవరికీ చూపించి లాభం లేదు. చేప చచ్చిన కాసేపటికే పురుగులు దాన్ని వదిలి పోతాయి. చూపించదలిస్తే నీరసంగా ఉన్న చేపను బతికుండగానే, దాని నీళ్ళలోనే కవర్లో పెట్టి తీసుకెళ్ళాలి.

ఏంజెల్ ప్రియ

మా తమ్ముడు డిగ్రీలో జువాలజీ. వాళ్ళ ల్యాబ్‌లో అడిగి చూస్తానన్నాడు. ఈలోగా హీటర్ పెట్టనా?

వెట్ ల్యాబ్ అమ్మాయి

హీటర్ పెట్టి ముందు 26 దగ్గర నిలకడగా ఉంచండి. అది ఏ జబ్బుకైనా మంచిదే. అంతకు పైకి మాత్రం స్లైడ్ చూశాకే. ఎందుకంటే ఇక్ అనుకుని నీళ్ళు వేడి చేస్తే ఎక్కువయ్యే జబ్బులు రెండున్నాయి. ఒకటి కాలమ్నారిస్. అది బ్యాక్టీరియా. నోటి దగ్గర, వీపు మీద తెల్లటి పొరలా వస్తుంది. చూసినవాళ్ళు ఫంగస్ అంటారు, వేడి నీళ్ళలో ఒకటి రెండు రోజుల్లోనే చేపను చంపగలదు. రెండోది ఎపిస్టైలిస్. ఇక్ లాగే తెల్లగా ఉంటుంది గానీ చుక్కలు ఒకే సైజులో ఉండవు, చర్మం పైకి లేచి కాస్త నూగుగా కనబడతాయి. దాంతో పాటు బ్యాక్టీరియా పుండు కూడా ఉంటుంది, వేడికి అది పెరుగుతుంది.

గప్పీ గిరి · పుత్తూరు

నాదో సందేహం. గప్పీల మలద్వారం దగ్గర ఎర్రటి దారాల్లాంటివి బయటికి వేలాడుతున్నాయి, చేప కదలకుండా ఉన్నప్పుడే కనబడుతున్నాయి. పొట్ట కింద చిక్కిపోతున్నాయి. ఉప్పు వేసినా తగ్గలేదు.

శేషాచలం

కమల్లానస్. పేగుల్లో ఉండే గుండ్రటి పురుగు, రక్తం పీలుస్తుంది కాబట్టి ఎర్రగా ఉంటుంది. పేగులో ఉన్నదానికి నీళ్ళలో వేసిన ఉప్పు ఏం చేస్తుంది చెప్పండి. ఫ్లూక్స్‌కి వాడే ప్రాజిక్వాంటెల్ కూడా దీని మీద పని చెయ్యదు, అది బద్దెపురుగులకూ ఫ్లూక్స్‌కూ మాత్రమే. దీనికి లెవమిసోల్ కావాలి. గొర్రెలకూ మేకలకూ నట్టల మందుగా పశువుల మందుల షాపుల్లో ఉంటుంది.

సీసా మీద లెవమిసోల్ హైడ్రోక్లోరైడ్ ఎంత శాతమో చూడాలి, వేరే మందు కలిపినది తీసుకోవద్దు. నీళ్ళలో లీటరుకు 2 మిల్లీగ్రాములు. 7.5 శాతం ద్రావణం అంటే ఒక మిల్లీలీటరులో 75 మిల్లీగ్రాములు. 60 లీటర్ల ట్యాంకుకు 120 మిల్లీగ్రాములు కావాలి, అంటే 1.6 మిల్లీలీటర్లు. సూది లేని సిరంజితో కొలవండి, చెంచాతో వద్దు. వెలుతురుకు మందు పాడవుతుంది, లైటు ఆర్పి ట్యాంకు మీద గుడ్డ కప్పండి. ఒక రోజు తర్వాత అడుగంతా సైఫన్ చేసి సగం పైగా నీళ్ళు మార్చాలి. ఈ మందు పురుగును పక్షవాతం వచ్చినట్టు చేసి పేగులో పట్టు వదిలిస్తుంది. కింద పడినవాటిని తీసెయ్యకపోతే చేపలు మళ్ళీ తింటాయి. రెండు మూడు వారాల తర్వాత ఇంకోసారి వెయ్యాలి.

దారం కనబడుతోందని లాగొద్దు, పేగు చిరుగుతుంది. ఒక చేపకు కనబడితే ఆ ట్యాంకులో అన్నిటికీ ఉన్నట్టే. గప్పీల్లో వచ్చే రకం ఒక చేప నుంచి ఇంకో చేపకు నేరుగా కూడా అంటుతుంది.

గప్పీ గిరి

చాలా థ్యాంక్స్ సార్. శాతం సంగతి ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఏంజెల్ ప్రియ

స్లైడ్ చూశాం! బార్బ్ జిగురులో దొర్లుతున్న గుండ్రటివి, లోపల లాడం ఆకారం స్పష్టంగా ఉంది. ఏంజెల్ మొప్ప దగ్గర తీసినదాంట్లో పొడుగ్గా సాగే పురుగు, నాలుగు కంటిచుక్కలు. వాళ్ళ లెక్చరర్ గారు కూడా చూసి డాక్టిలోగైరస్ అన్నారు. అంటే రెండూ ఉన్నట్టేనా? ఏది ముందు? లోచ్‌కీ కోరీలకూ మందు పడదంటారు కదా, భయంగా ఉంది.

వెట్ ల్యాబ్ అమ్మాయి

రెండూ ఉన్నాయి అక్కా, కొత్త చేపలతో ఇలా కలిసి రావడం మామూలే. రెండూ కలిపి చూడొచ్చు, ఎందుకంటే ఇక్ కోసం చేసే వేడి, ఉప్పుతో ప్రాజిక్వాంటెల్‌కి పేచీ లేదు. మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ కలిసిన మందులు వాడాల్సి వస్తే అప్పుడు మాత్రం ఒకటి అయ్యాకే ఇంకోటి.

శేషాచలం

లెక్క ముందు. ట్యాంకు కొలతతో కాదు, నీళ్ళ కొలతతో. పొడవు, వెడల్పు, నీళ్ళ ఎత్తు అంగుళాల్లో గుణించి 61తో భాగిస్తే లీటర్లు. మీ నీళ్ళు 16 అంగుళాల దాకా ఉంటే 36, 15, 16 గుణిస్తే 8640. అంటే 141 లీటర్లు. గ్రావెల్, రాళ్ళు తీసేస్తే 130 అనుకోండి. షాపులో ఎవరైనా ఈ ట్యాంకు చూస్తే గాజు కొలతతో 160 అంటారు. ఆ లెక్కన వేస్తే డోసు దాదాపు పావు వంతు ఎక్కువవుతుంది, లోచ్‌కు అదే చాలు.

ఉప్పు లీటరుకు 2 గ్రాములు, అంటే మొత్తం 260. ఒకేసారి కాదు. మొదటి రోజు 130 గ్రాములు బకెట్ నీళ్ళలో కరిగించి గంటల తరబడి కొంచెం కొంచెంగా పొయ్యండి. కోరీలు బాగుంటే మర్నాడు మిగతా సగం. కల్లుప్పు వాడండి. ఉప్పు ఆవిరైపోదు, కాబట్టి 40 లీటర్లు మారిస్తే 80 గ్రాములు మాత్రమే కలపాలి. ఇది చాలామంది మరిచిపోతారు, ప్రతి వాటర్ ఛేంజ్‌కీ మొత్తం డోసు వేస్తూ పోతారు. మొక్కలుంటే కొన్ని వాడిపోతాయి, తప్పదు.

వేడి 26 నుంచి రోజుకు రెండు డిగ్రీల చొప్పున 30కి తెండి. క్లౌన్ లోచ్ ఈ వేడిలో సుఖంగానే ఉంటుంది. కోరీలను మాత్రం చూస్తూ ఉండండి, మాటిమాటికీ పైకొచ్చి గాలి పీలిస్తే 29 దగ్గర ఆపండి. రోజు విడిచి రోజు గ్రావెల్ అడుగు దాకా సైఫన్ చెయ్యండి, గూళ్ళు ఉండేది అక్కడే. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసెయ్యండి, ప్రాజిక్వాంటెల్‌ను అది లాగేసుకుంటుంది.

వెట్ ల్యాబ్ అమ్మాయి

ప్రాజిక్వాంటెల్ లీటరుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు. మనుషుల మందుల షాపులో 600 మిల్లీగ్రాముల మాత్ర వస్తుంది. సగం మాత్ర, 300 మిల్లీగ్రాములు, మీ 130 లీటర్లకు లీటరుకు 2.3 చొప్పున పడుతుంది. సరిపోతుంది. తేలిగ్గా కరగదు, మెత్తగా నూరి చిన్న సీసాలో గోరువెచ్చటి నీళ్ళతో బాగా గిలకొట్టి పొయ్యండి. నీళ్ళు కాస్త మసకబారొచ్చు, ఎయిర్ పంప్ ఆపకండి. ప్రిస్క్రిప్షన్ అడిగితే పశువుల డాక్టర్ గారికి స్లైడ్ ఫోటో చూపించి రాయించుకోండి.

కుక్కల నట్టల మాత్రల్లో కూడా ప్రాజిక్వాంటెల్ ఉంటుంది గానీ చాలావాటిలో వేరే మందులు కూడా కలిసి ఉంటాయి. అవి తీసుకోకండి.

ఒక డోసుతో అయిపోదు. ఈ మందు పురుగును చంపుతుంది, గుడ్డును చంపదు. మీ వేడిలో గుడ్లు కొద్ది రోజుల్లోనే పగులుతాయి. ఆ పిల్లలు పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టకముందే రెండో డోసు పడాలి. వారానికి ఒకటి చొప్పున మూడు డోసులు పెట్టుకోండి, ప్రతి డోసుకూ ముందు మూడో వంతు నీళ్ళు మార్చండి. చల్లటి నీళ్ళలో అయితే గుడ్లు పగలడానికి ఎక్కువ రోజులు పడుతుంది, డోసుల మధ్య ఎడం కూడా పెరగాలి.

పలమనేరు కోయి · పలమనేరు

మా ఊళ్ళో చలికాలం హీటర్ లేకుండా నీళ్ళు 19కి పోతాయబ్బా. సిమెంటు తొట్టిలో కోయిలు ఉన్నాయి. ఒకదాని రెక్క మొదట్లో పుల్లలాంటిది గుచ్చుకుని, చివర రెండు కొనలుగా చీలింది. చుట్టూ ఎర్రగా వాచింది. చెరువు నుంచి మేతపురుగులు తెచ్చి వేస్తుంటాం, దాన్నుంచి వచ్చిందా?

శేషాచలం

యాంకర్ వార్మ్, లెర్నియా. పేరుకు వార్మ్ గానీ రొయ్యల జాతిది. చెరువు నీళ్ళతో, చెరువు చేపతో, చెరువు మేతతో వస్తుంది. గుచ్చుకున్నది ఆడది, ఆ రెండు కొనలు గుడ్ల సంచులు. చేపను తడి గుడ్డలో పట్టుకుని, పురుగు చర్మంలోకి దిగిన చోట చిమటాతో దగ్గరగా పట్టి తిన్నగా లాగాలి. తల లోపల తెగిపోతే పుండు పడుతుంది. లాగిన చోట పోవిడోన్ అయొడిన్ అద్దండి, మొప్పలకు తగలనివ్వద్దు.

అయితే తీసింది ఒక్కదాన్నే. తొట్టిలో కంటికి కనబడని పిల్లలు ఈదుతుంటాయి. వాటికి డైఫ్లూబెంజురాన్ వాడతారు, అవి ఎదిగేటప్పుడు పాత పెంకు విడవకుండా చేసి చంపుతుంది. ఆ నీళ్ళు కాలువలోకి, చెరువులోకి వదలకూడదు, అక్కడి రొయ్యలూ పీతలూ పోతాయి. రైతులు చెరువుల్లో చేపలకు పట్టే పేల మీద ఐవర్‌మెక్టిన్ కొడతారని విని కోయి తొట్టిలో వెయ్యొద్దు. చేపకు పనికొచ్చే డోసుకూ చంపే డోసుకూ మధ్య తేడా చాలా తక్కువ.

పలమనేరు కోయి

సరే అన్నా. మేత ఆపేశా. ఒళ్ళంతా చూస్తే ఇంకో రెండు కనబడినాయి, రేపు పొద్దున తీస్తా.

తిరుచానూరు డిస్కస్

ఎవరైనా దీని గురించి కూడా చెప్పండి. డిస్కస్ తెల్లగా, జిగటగా, దారంలా మలం వేస్తోంది. తిండి నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తోంది. తల మీద చిన్న గుంటలు మొదలయ్యాయి.

వెట్ ల్యాబ్ అమ్మాయి

పేగుల్లో స్పైరోన్యూక్లియస్ లాంటి కొరడా జీవులు, అంటే కొరడాల్లాంటి పోగులతో ఈదే ఒకే కణం జీవులు, ఉండే అవకాశం ఎక్కువ. దీనికి మెట్రోనిడజోల్. ఇంకా తింటోందంటే తిండిలో కలపడమే మేలు, మేత బరువులో ఒక శాతం. 10 గ్రాముల మేతకు 100 మిల్లీగ్రాములు, కొంచెం జెలటిన్‌తో పట్టించి ఐదు రోజులు. అసలు తినకపోతే నీళ్ళలో 30 లీటర్లకు 200 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, రోజు విడిచి రోజు మూడుసార్లు, మధ్యలో పావు వంతు నీళ్ళు మారుస్తూ. తెల్ల మలం ఒక్కటే చూసి మొదలుపెట్టకండి, తినని చేపకు కూడా మలం తెల్లగానే వస్తుంది. మీ చేపకు గుంటలు కూడా ఉన్నాయి కాబట్టి చెబుతున్నా. నైట్రేట్ కూడా చూడండి, అది ఎక్కువున్న ట్యాంకుల్లో గుంటలు మానవు.

కొంగారెడ్డిపల్లి అమ్మ · చిత్తూరు

మా మనవరాలు రోజూ ట్యాంకులో చెయ్యి పెడుతుంది. ఈ పురుగులు పిల్లలకు అంటుతాయా?

వెట్ ల్యాబ్ అమ్మాయి

ఇక్, ఫ్లూక్స్, యాంకర్ వార్మ్ ఇవేవీ మనుషులకు రావు అమ్మా. చేపల ట్యాంకు నుంచి మనిషికి రాగలిగేవాటిలో ముఖ్యమైనది మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అనే బ్యాక్టీరియా, అది కూడా ఎక్కువగా చేతికి గాయం ఉన్నప్పుడే. గాయం ఉన్నప్పుడు పాప చెయ్యి పెట్టకుండా చూడండి, తీశాక సబ్బుతో కడిగించండి. మందు వేసిన రోజుల్లో అసలు వద్దు, మలకైట్ గ్రీన్ లాంటివి పెద్దవాళ్ళు కూడా గ్లౌజులతోనే ముట్టుకోవాలి.

ఏంజెల్ ప్రియ

అప్‌డేట్. నీళ్ళు 30కి వచ్చాయి, కోరీలు బాగానే ఉన్నాయి. మొదట్లో చుక్కలు ఎక్కువైతే భయపడ్డాం, సార్ ముందే చెప్పారు కాబట్టి డోసు ముట్టుకోలేదు. కొత్త బార్బ్స్‌లో ఒకటి పోయింది. మిగతావాటి మీద ఇప్పుడు చుక్కల్లేవు. ఏంజెల్ రెండు మొప్పలూ తెరుస్తోంది, పెల్లెట్స్ తింటోంది. ప్రాజిక్వాంటెల్ రెండో డోసు పడింది. ఉప్పు తీసేయొచ్చా?

శేషాచలం

ఇప్పుడే వద్దు. చివరి చుక్క పోయిన రోజు నుంచి ఇంకో పది రోజుల నుంచి రెండు వారాల దాకా ఇదే వేడి, ఇదే ఉప్పు. మూడో డోసు కూడా పడనివ్వండి. తర్వాత ఉప్పు లేని నీళ్ళతో మారుస్తూ పోతే అదే తగ్గుతుంది. వేడి కూడా రోజుకు ఒక డిగ్రీ చొప్పున 26కి దించండి, చలి పోయేదాకా హీటర్ తియ్యొద్దు. బతికిన చేపలకు ఇక్ మీద కొంత నిరోధక శక్తి వస్తుంది, వాటికి జబ్బు కనబడకపోయినా మోసుకు తిరగొచ్చు. అందుకని ఈ ట్యాంకు చేపల్ని ఇప్పుడప్పుడే ఎవరికీ ఇవ్వకండి.

మూడో డోసు అయ్యాక తమ్ముడితో ఇంకోసారి స్లైడ్ చూపించండి. ఫ్లూక్స్ పూర్తిగా పోయాయో లేదో చేప నడత చూసి చెప్పలేం.

బాలాజీ ట్యాంక్స్

సార్, నేను చెన్నైలోని కొళత్తూరు వెళ్ళి చేపలు తెస్తుంటాను. అక్కడ పది ఫారాల చేపలు ఒకే చోట కలుస్తాయి. క్వారంటైన్‌కి గాజు ట్యాంకే కావాలా, ప్లాస్టిక్ టబ్బు సరిపోతుందా?

శేషాచలం

టబ్బు చాలు, 40 లీటర్లది. నడుస్తున్న ట్యాంకు ఫిల్టర్‌లో కొన్ని రోజులు ఉంచిన స్పాంజ్ ఒకటి, చిన్న హీటర్, దాక్కోవడానికి పైపు ముక్క. అడుగున గ్రావెల్ వద్దు, శుభ్రం చేయడం తేలిక. పైన వల కట్టండి, బార్బ్స్ ఎగురుతాయి. మూడు నాలుగు వారాలు ఉంచండి. వల, సైఫన్ పైపు, బకెట్ ఆ టబ్బువి ఆ టబ్బుకే. ఇక్ పిల్లలు తడి వలతో కూడా వస్తాయి, పూర్తిగా ఎండిన వలతో రావు. చేపలున్న కవరు నీళ్ళు టబ్బులో పొయ్యకుండా చేపల్ని మాత్రమే తీసి వదలండి.

బాలాజీ ట్యాంక్స్

సరే సార్. ఆదివారం టబ్బు పెడతాను. స్పాంజ్ ఇవాళే మా ఫిల్టర్‌లో వేశా.